అడిస్ అబాబా: మూడు జెండాల బేరం, ఒక బస దోపిడీ

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో బోలే విమానాశ్రయం పక్కన ఉండే చిన్న అతిథి గృహాల మాట నమ్మి గది తీసుకోవద్దని మొదటే చెప్పేస్తున్నాను. ఫలహారంతో కలిపి రోజుకు 38 డాలర్లు, విమానాశ్రయం నుంచి కారు ఉచితం అని మాకు రాసి పంపారు. తీరా బయలుదేరే రోజు బిల్లు చూస్తే 38 మీద పది శాతం సేవా రుసుము, ఆ మొత్తం మీద పదిహేను శాతం పన్ను కలిపి రోజుకు 48 డాలర్ల 7 సెంట్లు వేశారు. ఉచితమన్న కారుకు మరో 15 డాలర్లు. ఇదేమిటని అడిగితే యజమాని చిరునవ్వు నవ్వి, పన్ను ప్రభుత్వానిది కదా అన్నాడు. సేవా రుసుము ఏ సేవకో మాత్రం చెప్పలేదు. వేడినీళ్లు ఏ రోజూ సరిగ్గా రాలేదు.

ఫలహారం సంగతి మరీ అన్యాయం. గోడ మీద ‘1 నుంచి 3 వరకు’ అని రాసి ఉంది. ఇథియోపియాలో గంటలను పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతారు కాబట్టి అది మన ఏడు నుంచి తొమ్మిది. ఈ లెక్క విదేశీయులకు చెప్పాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు. తొమ్మిదిన్నరకు కిందికి దిగిన మా అక్కకు, కాఫీ పుట్టిన దేశంలో, కప్పు కాఫీ దొరకలేదు. ఆ పూటంతా అక్క ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ ఊరికి నేను వెళ్లింది జెండాల కోసం. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మా బావగారు కూడా జిమ్మాలో కొన్నేళ్లు పనిచేశారు. అక్కడి భాష అమ్హారిక్ ఆయన ఇంకా మరిచిపోలేదు. మెర్కాటో బజారులో ఆయన పక్కన లేకపోతే నా జేబు ఖాళీ అయ్యేదే. గుడ్డ జెండాకు దుకాణదారు 900 బిర్ (అక్కడి డబ్బు) చెప్పాడు. బావగారు నోరు విప్పగానే 350కి దిగాడు. తర్వాత అడిగాడు: “నక్షత్రం ఉన్నదా, సింహం ఉన్నదా?” కాసేపాగి, గొంతు తగ్గించి, “ఏమీ లేనిదా?”

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అడ్డపట్టీలు మూడింటిలోనూ ఒకటే. పేచీ అంతా మధ్యలో ఏముందన్న దాని మీదే. 1896 మార్చి 1న అద్వా దగ్గర మెనెలిక్ చక్రవర్తి సేనలు ఇటలీని ఓడించాయి. ఆ మరుసటి ఏడు, 1897లో, ఈ మూడు రంగులు ఒకే జెండాగా కుదిరాయి. చక్రవర్తుల కాలంలో నడుమ కిరీటం పెట్టుకుని, శిలువ కర్ర పట్టిన యూదా సింహం, అంటే రాజవంశపు గుర్తు, ఉండేది. 1974లో చివరి చక్రవర్తి హైలె సెలాసీని దించిన సైనికులు ముందు సింహం కిరీటం తీసేశారు, ఆ తర్వాత సింహాన్నే తీసేశారు. ఇప్పుడున్న నీలి వృత్తం, పసుపు నక్షత్రం 1996 నాటివి. దేశంలోని జాతుల సమానత్వానికి, ఐక్యతకు గుర్తని ప్రభుత్వం చెబుతుంది. అది నచ్చనివాళ్లు ఏ గుర్తూ లేని జెండానే తమదంటారు. చర్చి పండుగల్లో అది బాగా కనిపిస్తుంది. 2009 చట్టం ప్రకారం నక్షత్రం లేకుండా జెండా ఎగరేయడం నేరం. 1957 నాటి ఘనా జెండా మొదలుకొని ఆఫ్రికాలో ఎన్నో దేశాలు ఈ రంగులనే తీసుకున్నాయి. సొంతింట్లో మాత్రం తగువు తీరలేదు.

నేను మూడూ కొన్నాను, మొత్తం 1,050 బిర్. బసకు తిరిగి వచ్చేసరికి గుర్తు లేనిది సంచిలోంచి కొంచెం బయటికి కనిపించింది. గేటు దగ్గరి కాపలాదారు దాన్ని వేలితో లోపలికి తోసి, జిప్పు తనే లాగాడు. ఆ బసలో మాకు మేలు చేసిన మనిషి అతనొక్కడే.

అద్వా విజయ స్మారకం 2024లో నగరంలోని పాత పేట పియస్సాలో తెరిచారు. కట్టడం చాలా పెద్దది. నాకు నచ్చింది కానీ బావగారు ముభావంగా తిరిగారు. అదే ఏడు పియస్సాలోని పాత వీధులను రోడ్ల విస్తరణ కోసం పడగొట్టారు. ఆయన జీతం రోజున కేకులు తినే దుకాణం ఉన్న చోట ఇప్పుడు వెడల్పాటి కాలిబాట ఉంది. “ఏ దారిలో వచ్చామో కూడా తెలియడం లేదు” అన్నారు.

ఒక్కటే చూసే తీరిక ఉంటే సిదిస్త్ కిలోలోని విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వెళ్లండి. హైలె సెలాసీ పాత రాజభవనమే ఇప్పుడు మ్యూజియం. గేటు దగ్గర గుర్తింపు పత్రం అడుగుతారు, పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. చక్రవర్తి పడకగది అలాగే ఉంచారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం బయట, ఎక్కడికీ దారితీయని మెట్ల వరుస. 1936లో దేశాన్ని ఆక్రమించిన ఇటాలియన్లు, తమ నియంత ముస్సోలినీ గద్దెనెక్కిన 1922 నుంచి ఏడాదికొక మెట్టు చొప్పున దాన్ని కట్టారు. వాళ్లు వెళ్లగొట్టబడ్డాక ఇథియోపియన్లు మెట్లను కూల్చకుండా, అన్నిటికన్నా పై మెట్టు మీద తమ సింహాన్ని కూర్చోబెట్టారు. ఇంత ముచ్చటైన ప్రతీకారం నేను ఇంకెక్కడా చూడలేదు.

శాకాహారులు బుధ, శుక్రవారాల్లో భయపడకుండా తిరగవచ్చు. అవి ఆర్థొడాక్స్ క్రైస్తవుల ఉపవాస దినాలు, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ప్రాంగణం ఎదుటి చిన్న హోటల్లో బెయాయ్‌నెతు, అంటే రకరకాల శాకాహార కూరల పళ్లెం, 280 బిర్. పులిసిన అట్టులాంటి ఇంజెరా మీద ఎర్ర పప్పు, షిరో (శనగపిండి కూర), ఆకుకూర, బీట్‌రూట్ కుప్పలుగా పోశారు. బెర్బెరె కారం నాలుక మీద పడగానే అక్క మొహం విప్పారింది. రెండో ఇంజెరా తెప్పించుకుంది, దానికి డబ్బు తీసుకోలేదు. తర్వాత ఎదుటే గింజలు వేయించి, మూడు విడతలు కాఫీ పోశారు. ముగ్గురికీ అయింది 960 బిర్. బసలో ఒక్క పూట పోగొట్టిన కాఫీకి లెక్క సరిపోయిందని అక్క తీర్పు.

గది మాట్లాడుకునేటప్పుడు పన్ను, సేవా రుసుము, కారు అన్నీ కలిపి ఎంతో ఒకే అంకెగా రాయించుకోండి. టాక్సీ ఎన్నింటికి రమ్మన్నా, ఇథియోపియా లెక్కా విదేశీ లెక్కా అని మళ్లీ అడగండి.