ఇంటి ల్యాప్‌టాప్‌పై డేటాబేస్ నిర్వహణ: ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్, పవర్ బీఐ డెస్క్‌టాప్ సమీక్ష

డేటాబేస్ నిర్వహణ, వ్యాపార నివేదికల తయారీ రెండూ చేత్తో చేసి నేర్చుకోవాలనుకునేవారికి నేను నిస్సంకోచంగా సూచించేది మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 డెవలపర్ ఎడిషన్‌ను, దానికి తోడుగా నివేదికలు, గ్రాఫులు తయారుచేసే పవర్ బీఐ డెస్క్‌టాప్‌ను. డెవలపర్ ఎడిషన్ 2016 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పెద్ద సంస్థలు భారీగా ఖర్చు పెట్టి కొనే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోని సదుపాయాలన్నీ ఇందులో ఉంటాయి. అయితే దీనిపై నిజమైన వ్యాపారాన్ని నడపకూడదన్నది లైసెన్సు షరతు. చాలామంది ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌తో మొదలుపెడతారు గానీ, అందులో పనులను నిర్ణీత సమయానికి నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ ఉండదు కాబట్టి రాత్రిపూట బ్యాకప్ తనంతట తానే నడిచేలా జాబ్ పెట్టడం, అది విఫలమైతే మెయిల్ వచ్చేలా చూసుకోవడం వంటి రోజువారీ పనులు అక్కడ అలవాటు కావు.

ఈ ఉత్పత్తిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, డేటాను కావాలనే పాడుచేసి, మళ్లీ వెనక్కి తెచ్చుకునే అవకాశం. ఆఫీసు సర్వర్‌పై ఎవరూ ఆ అవకాశం ఇవ్వరు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే అడ్వెంచర్‌వర్క్స్ నమూనా డేటాబేస్‌ను తీసుకోండి. దాన్ని ప్రతి మార్పు నమోదునూ లాగ్‌లో భద్రంగా ఉంచే ఫుల్ రికవరీ మోడల్‌లో పెట్టి, ఫుల్ బ్యాకప్ తీసి, గడియారంలో సమయం రాసుకొని, ఆర్డర్లలోని వస్తువుల వివరాలుండే సేల్స్ ఆర్డర్ డీటెయిల్ టేబుల్‌పై, ఏ వరుసలన్నది చెప్పే వేర్ షరతు లేకుండా డిలీట్ ఆదేశం నడపండి. 1,21,317 వరుసలూ పోతాయి. ఇప్పుడు ముందుగా టెయిల్ లాగ్ బ్యాకప్ (లాగ్‌లో ఇంకా బ్యాకప్ కాని చివరి భాగం) తీయాలి, తర్వాత ఫుల్ బ్యాకప్‌ను నోరికవరీతో, అంటే డేటాబేస్‌ను ఇంకా తెరవకుండా, రీస్టోర్ చేయాలి, ఆపైన లాగ్ బ్యాకప్‌ను స్టాప్‌యాట్‌తో డిలీట్‌కు ముందరి క్షణం వరకు మాత్రమే వర్తింపజేసి డేటాబేస్‌ను తెరవాలి. మళ్లీ లెక్కిస్తే అవే 1,21,317 వరుసలు కనబడాలి. బ్యాకప్ విజయవంతమైందన్న సందేశాన్ని నమ్మి ఊరుకునే నిర్వాహకుడికీ, ఆ బ్యాకప్‌ను రీస్టోర్ చేసి, డేటాబేస్ చెడిపోలేదని తనిఖీ చేసే డీబీసీసీ చెక్‌డీబీ నడిపి చూసుకున్న నిర్వాహకుడికీ మధ్య ఉన్న తేడా ఆపద వచ్చిన రోజే బయటపడుతుంది కనుక, ఈ సాధనను పదేపదే చేయమని నా అభ్యర్థన.

వేగం విషయంలో సర్వర్‌తో పనిచేయడానికి వాడే మేనేజ్‌మెంట్ స్టూడియో చూపించే ఎగ్జిక్యూషన్ ప్లాన్ (జవాబును సర్వర్ ఏ దారిన వెతుకుతుందో చెప్పే పటం) మంచి గురువు. ఆర్డర్ తేదీపై ఇండెక్స్ (వెతుకులాటను వేగవంతం చేసే సూచిక) కట్టి, 2013 నాటి ఆర్డర్లను ఇయర్ ఫంక్షన్‌తో లెక్కిస్తే ప్లాన్‌లో ఇండెక్స్ మొత్తాన్నీ చదివే స్కాన్ కనిపిస్తుంది. అదే ప్రశ్నను జనవరి 1 నుంచి మరుసటి జనవరి 1 లోపు అని తేదీల హద్దులతో రాస్తే కావలసిన భాగాన్నే చదివే సీక్‌గా మారుతుంది. కాలక్రమంలో ప్లాన్లు ఎలా మారాయో దాచి ఉంచే క్వెరీ స్టోర్ 2022 వెర్షన్‌లో కొత్త డేటాబేస్‌లకు మొదటి నుంచే పనిచేస్తుంది.

తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతులు రెండున్నాయి. ఖాతాదారుల పేర్లను తెలుగులో దాచుకోవడానికి కాలమ్‌ను ఏ భాష అక్షరాలనైనా దాచగల ఎన్‌వార్‌చార్ రకంగా పెట్టినంత మాత్రాన సరిపోదు. సాధారణంగా ఉండే లాటిన్ కొలేషన్‌లో (అక్షరాల నియమాల అమరికలో), ఇన్‌సర్ట్ వాక్యంలోని విలువకు ముందు ఎన్ (N) అక్షరం చేర్చకపోతే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు చేరి, అసలు పేరు శాశ్వతంగా పోతుంది. తేదీల తంటా రెండోది. మనం జూలై 4 అనుకొని 04/07/2024 అని రాస్తే, అమెరికా ఇంగ్లీషు అమరికలో ఉన్న లాగిన్ దాన్ని ఏప్రిల్ 7గా చదువుతుంది; 20240704 అని రాస్తే ఈ అయోమయం ఉండదు.

ఇక నివేదికలు. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో గ్రాఫులు గీయడం ఒక్క సాయంత్రంలో పట్టుబడుతుంది, అంకె సరైనదో కాదో తేల్చుకోవడమే అసలు విద్య. అడ్వెంచర్‌వర్క్స్‌లో 31,465 ఆర్డర్లున్నాయి. ప్రతి ఆర్డర్ మొత్తం, ఆర్డర్‌కు ఒక వరుస చొప్పున ఉండే హెడర్ టేబుల్‌లో ఒక్కసారే ఉంటుంది. దాన్ని డీటెయిల్ టేబుల్‌తో జాయిన్ చేసి (జతపరచి) కూడితే, ఆర్డర్‌లో ఎన్ని వస్తువులుంటే అన్నిసార్లు అదే మొత్తం లెక్కకు వచ్చి అమ్మకాలు కొన్ని రెట్లు ఉబ్బిపోతాయి. అందుకే ప్రతి నివేదికలోని మొత్తాన్నీ మూల టేబుల్‌పై ఒక చిన్న క్వెరీతో విడిగా సరిచూసుకోవాలి. డేటాబేస్ కూడా మన చేతిలోనే ఉంది కాబట్టి ఆ పని అక్కడికక్కడే అయిపోతుంది. రెండు ఉత్పత్తులనూ కలిపి నేర్చుకోమనడానికి ఇదే ముఖ్య కారణం.

మన ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది గనుక, ఏడాది మొదటి నుంచి ఇప్పటివరకు మొత్తాన్ని లెక్కించే పవర్ బీఐ టోటల్‌వైటీడీ ఫంక్షన్‌కు ఆ ముగింపు తేదీని విడిగా ఇవ్వాలి, లేకపోతే లెక్క జనవరి నుంచి మొదలవుతుంది. అంకెల సంక్షిప్త రూపాలు వేలు, మిలియన్లు, బిలియన్లుగా వస్తాయి. లక్షలు, కోట్లు కావాలంటే ఫార్మాట్ మనమే రాసుకోవాలి. భారతీయ మార్కెట్‌లో ఇంతగా వాడే ఉత్పత్తికి ఇది చిన్న లోపమేమీ కాదని నా అభిప్రాయం.

లోపాలు మరికొన్ని ఉన్నాయి. పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌పై మాత్రమే నడుస్తుంది, తయారుచేసిన నివేదికను సహోద్యోగులతో క్లౌడ్‌లో పంచుకోవాలంటే సాధారణంగా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌పై సర్వర్‌కు గరిష్ఠ మెమరీ హద్దు పెట్టకపోతే మిగతా ప్రోగ్రాములు నత్తనడక నడుస్తాయి. నేనైతే సగానికి మించనివ్వను. బిల్లులు, స్టేట్‌మెంట్ల వంటి ముద్రణ నివేదికలకు వాడే రిపోర్టింగ్ సర్వీసెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025 వెర్షన్‌తో కొత్తగా రావడం లేదు, దాని స్థానాన్ని పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్ తీసుకుంది.

మ్యాక్ గానీ లైనక్స్ గానీ వాడేవారు, తాము నేర్చుకున్నదానిపైనే చిన్న వ్యాపారాన్ని కూడా నడపదలచినవారు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌ను ఎంచుకోవడం మేలు. దానికి అలాంటి లైసెన్సు షరతులు లేవు, పైన చెప్పిన రీస్టోర్ సాధనను పీజీ బేస్‌బ్యాకప్ అనే బ్యాకప్ సాధనంతోనూ, మార్పులను నమోదు చేసే వాల్ ఫైళ్లను భద్రపరచడంతోనూ అక్కడ కూడా క్షణం తప్పకుండా చేయవచ్చు.