జాగ్రత్త: షీటు మీద ‘710 మెరైన్’ అని కొట్టి ఉంటే అది మెరైన్ ప్లైవుడ్ అయిపోదు

విశాఖలో ఇంటి బయట పెట్టుకునే అల్మరాలు, బోర్డులు, బల్లలు ప్లైవుడ్‌తో చేయించి రంగు వేయించాలనుకునే వారికి ఈ హెచ్చరిక. షీటు మీద ‘710’ (పడవలకు వాడే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం సంఖ్య) అని, ‘మెరైన్’ అని, ‘వాటర్‌ప్రూఫ్’ అని ఎంత పెద్ద అక్షరాలున్నా వాటిని చూసి డబ్బు కట్టకండి. ఆ అక్షరాలు కొట్టడానికి కాస్త సిరా, ఒక అచ్చు ఉంటే చాలు.

మేముండేది లాసన్స్ బే కాలనీలో. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుప గేట్లే తుప్పుపట్టి పెచ్చులు రాలుస్తాయి, ఇక చెక్క సంగతి చెప్పాలా! గేటు పక్కన చెప్పులకు, తోట సామానుకు ఒక అల్మరా, మా వదిన కుట్టు దుకాణానికి ఒక బోర్డు చేయించడానికి నగరంలోని ఒక పెద్ద దుకాణంలో 18 ఎం.ఎం. షీట్లు మూడు కొన్నాం. చదరపు అడుగు 110 రూపాయల లెక్కన ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు షీటు 3,520 రూపాయలు. “పడవలకు వాడే సరుకు మేడమ్, ఇరవై ఏళ్లు చెక్కుచెదరదు” అన్నారు. బిల్లు మీద మాత్రం ‘ప్లైవుడ్ 18 ఎం.ఎం.’ అని తప్ప ఇంకేమీ లేదు. అదేమిటని అడిగితే, కంప్యూటర్లో సరుకు పేరు అలాగే ఉందని, మార్చడం కుదరదని జవాబు.

వానలు మొదలైన కొద్ది వారాలకే అల్మరా అడుగు అంచు వెంట రంగు బుడగలుగా లేచింది. వేలితో నొక్కితే నీరు ఊరింది. దుకాణం వారికి చెబితే వచ్చిన మొదటి మాట, “పెయింటరు సరిగా వేయలేదేమో!” ఇది మీరూ వినబోయే మాట, కాబట్టి దీని సంగతి కాస్త వివరంగా చెబుతాను. బుడగను చాకుతో లేపి దాని వెనక వైపు చూడండి. రంగు పట్టకపోవడమే లోపమైతే పెచ్చు ఒక్కటే ఊడుతుంది, కింద చెక్క గట్టిగా ఉంటుంది. మాకు ఊడిన పెచ్చు వెనక పలుచటి చెక్క పొర అంటుకుని వచ్చింది. అంటే ప్రైమరు, ఎనామిల్ రెండూ చెక్కను గట్టిగానే పట్టుకున్నాయి. ఒక చెక్క పొరను ఇంకో పొర వదిలేసింది. తప్పు జిగురుది, పెయింటరుది కాదు.

తలుపు ఒకటి కోయించి చూశాం. పైన ఎర్రటి ఫేసు (పైకి కనిపించే పొర), లోపల తెల్లటి తేలిక చెక్క. మధ్య పొరలో రెండు ముక్కలు కలవాల్సిన చోట పెన్సిల్ దూరేంత సందు. నీరు చేరి కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు ఉంటుందా? రంగు వేయకుండా పక్కన పెట్టిన ముక్కను కొలిస్తే 18 ఎం.ఎం. అన్నది 16.5 తేలింది.

ఇక అసలు పరీక్ష. అదే ముక్కలోంచి అగ్గిపెట్టంత కోసి, గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద మరగబెట్టాను. గంట తిరగకముందే పొరలు పుస్తకంలో పేజీల్లా విచ్చుకున్నాయి. ఫేసు మీది ఎరుపంతా నీళ్లలోకి దిగిపోయి చెక్క పాలిపోయింది. మంచి గర్జన్ చెక్క ఫేసు అని చూపించిన ఎరుపు రంగునీళ్ల పూత మాత్రమే!

ఈ మరగబెట్టడం నేను కనిపెట్టింది కాదు. ప్లైవుడ్ ప్రమాణాల్లో నీటి పరీక్షలు ముఖ్యమైనవి. సాధారణ అవసరాల ప్లైవుడ్‌కు ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో ఎంఆర్ (చెమ్మను తట్టుకునే) రకానికి సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. అది గది లోపలి చెమ్మను తట్టుకుంటుంది, వానను కాదు. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని కొంత తట్టుకునే) రకానికి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు, వంటింటికి సరిపోతుంది. మెరైన్ ప్లైవుడ్‌కు ప్రమాణం ఐఎస్ 710. దాని జిగురు మరిగే నీటిలో 72 గంటలు ఉంచినా వదలకూడదు. పైగా పుచ్చు, పురుగు పట్టకుండా చెక్కకు మందు పట్టించి ఉండాలి. మూడు రోజులు నిలవాల్సింది గంటలో విడిపోయిందంటే అది ఏ రకమో మీరే చెప్పండి. ఫినాల్ జిగురు గీతలు ముదురు గోధుమ రంగులో ఉంటాయి, అంచు చూసి పోల్చుకోవచ్చని చాలామంది చెబుతారు. ఆ మాటా నమ్మకండి, చవక జిగురులో రంగు కలిపితే ఆ గీతలూ నల్లబడతాయి.

మరి దేన్ని నమ్మాలి? షీటు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. గుర్తు పైన ఐఎస్ 710 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. దుకాణంలో నిలబడే, ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. తయారీదారు పేరు, ఏ ప్రమాణానికి లైసెన్సు ఇచ్చారో, అది ఇంకా చెల్లుతుందో లేదో తెలుస్తుంది. ప్రమాణం సంఖ్య తప్పక చూడండి, 303కు తీసుకున్న లైసెన్సు చూపించి 710 అని అమ్మవచ్చు. మా షీట్ల మీద గుర్తూ లేదు, నంబరూ లేదు. ‘ఐఎస్ 710కి అనుగుణం’ అన్న ముక్క మాత్రం అందంగా ఉంది.

బిల్లులో ‘ఐఎస్ 710, బీడబ్ల్యూపీ’ (మరిగే నీటికీ చెడనిది) అని, కంపెనీ పేరుతో సహా రాయించుకోండి. కంప్యూటర్ ఒప్పుకోకపోతే పెన్నుతో రాసి ముద్ర వేసి ఇమ్మనండి. అదీ కుదరదంటే ఇంకో దుకాణం చూసుకోవడం మేలు. షీటు ఎంపిక పూర్తిగా మేస్త్రికి వదిలేయకండి, కొన్ని దుకాణాలు తెచ్చినవాళ్లకు కమిషన్ ఇస్తాయన్నది రహస్యమేమీ కాదు. (మా మేస్త్రి నిజాయతీపరుడే, సందులు చూపించి నాకంటే ఎక్కువ తిట్టింది ఆయనే.) బరువు కూడా కొంత చెబుతుంది. గట్టి చెక్కతో చేసిన 18 ఎం.ఎం. పెద్ద షీటు 35 కిలోలకు అటూఇటూగా తూగుతుంది. ఒక్క మనిషి అలవోకగా ఎత్తి ఆటోలో పెట్టేస్తుంటే అనుమానించండి.

షట్టరింగ్ ప్లై ఇస్తాం, అదీ వాటర్‌ప్రూఫే అంటారు కొందరు. శ్లాబులకు వాడే ఆ షీట్లలో జిగురు బాగానే ఉండవచ్చు గానీ, పైనున్న నున్నటి ఫిల్ము మీద రంగు పట్టదు. మన పనికి అది వద్దు.

సరుకు అసలైనదే దొరికినా కోసిన అంచుల్ని మూయకపోతే అంతే సంగతులు. నీరు తాగేది ముఖాలు కాదు, అంచులే. మేము రెండోసారి వేరే చోట కొన్న షీట్లకు అన్ని ముక్కలూ కోశాక, బిగించకముందే, రెండు ముఖాలకూ నాలుగు అంచులకూ ప్రైమరు వేయించాం. అంచులకు ముందు ఎపాక్సీ పూత. లప్పం పెడతానన్నప్పుడు పెయింటరును ఆపి డబ్బా చూడండి. గోడ లప్పం చెక్క మీద బీటలు వారుతుంది, చాక్ పొడితో కలిపిన లప్పం నీరు పీలుస్తుంది. కీళ్లకు మామూలు తెల్ల జిగురు బయట పనికిరాదు. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు స్టెయిన్‌లెస్ స్క్రూలే గతి, లేకపోతే తెల్ల రంగు మీద తుప్పు చారలు దిగుతాయి. అల్మరా నేలను తాకకుండా కాళ్ల మీద నిలబెట్టాలి.

దుకాణంవారు బతిమాలినట్టుగా ఒక షీటు ధర వెనక్కి ఇస్తామంటున్నారు. మేము మూడు షీట్ల ధర, కూలి, రంగు ఖర్చు అడుగుతున్నాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, గడువు రెండేళ్లు. మీకూ ఇలాంటిది జరిగితే పనికొస్తుంది కనుక చెబుతున్నాను: ముద్ర కొట్టి ఉన్న మూలను కోత మొదలుపెట్టే రోజే మేస్త్రితో విడిగా కోయించి, వెనక తేదీ రాసి, బిల్లుతో కలిపి దాచండి. రంగు పడ్డాక ఆ ముద్ర ఎక్కడుందో ఎవరికీ కనిపించదు.