స్పానిష్ కండిషనల్: సిలబుల్స్‌గా విడదీయాలా, ప్రత్యయం దగ్గర విడదీయాలా?

స్పానిష్‌లో అబ్లార్ అంటే మాట్లాడటం. దాని కండిషనల్ రూపం అబ్లరీఅ: "వీలుంటే మాట్లాడేవాణ్ణి" అన్నట్టు. పలుకుబడి ప్రకారం దీన్ని అ-బ్ల-రీ-అ అని నాలుగు సిలబుల్స్‌గా విడదీస్తారు. క్లాసులో చెప్పేటప్పుడు అబ్లర్ + ఈఅ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

రూపాలు కట్టుకోవడానికైతే రెండోదే. క్రియలు మూడు రకాలున్నా ప్రత్యయాలు మాత్రం అవే: ఈఅ, ఈఅస్, ఈఅ, ఈఅమోస్, ఈఅయిస్, ఈఅన్. తినడానికి కొమెరీఅ, బతకడానికి బిబిరీఅ. చరిత్ర కూడా ఇటువైపే ఉంది. ఈ ఈఅ, అబేర్ అనే సహాయక క్రియ భూతకాల రూపం అబీఅ అరిగిపోగా మిగిలిన ముక్క. పాత స్పానిష్‌లో ఈ రెండు భాగాల మధ్యకు సర్వనామం కూడా వచ్చేది. వ్యాకరణ గ్రంథాలు అబ్ల్-అ-రీఅ అని ఇంకా సన్నగా కోస్తాయి. అది పండితులకు సరే, మొదట్లోనే మనకెందుకు ఆ టెన్షన్?

నోటికి వచ్చేసరికి కథ మారుతుంది. ప్రత్యయం లెక్కలో అటువైపు ఉన్న ర్, పలికేటప్పుడు ఇటు వచ్చి రీ అవుతుంది. ఆరు రూపాల్లోనూ ఊనిక దాని మీదే, అందుకే ఆరింటిలోనూ ఇ మీద గీత పెడతారు. బ్ల లాంటి సంయుక్తాక్షరాలు మనకు అలవాటే. చిక్కంతా చివర్లో. రెండు అచ్చులు పక్కపక్కన పడితే మన నోట్లో యకారం దూరి అబ్లరీయ అయిపోతుంది. అక్కడ మాత్రం రీ వేరు, అ వేరు. "మీరు" రూపంలోనేమో చివరి అయిస్ మొత్తం ఒకే సిలబుల్: అ-బ్ల-రీ-అయిస్.

తమాషా ఏమిటంటే, పంక్తి చివర మాట విరిచేటప్పుడు పక్కపక్క అచ్చులను విడదీయకూడదని స్పానిష్ అకాడమీ నియమం. కాబట్టి రాతలో రీఅ కలిసే ఉంటుంది, పండితులు కోసినట్టే.

సిలబుల్ అసలు పనికొచ్చేది మొండి క్రియల దగ్గర. తెనేర్ నుంచి తెనెరీఅ రావాలి, కానీ వచ్చేది తెంద్రీఅ. మధ్యలో ఎ పడిపోయి న్, ర్ ఒకదాన్నొకటి తగులుకున్నాయి. ఆ జంట పలకడం కష్టమై మధ్యలో ద్ చేరింది: తెన్-ద్రీ-అ. పొనేర్ పొంద్రీఅ అయినా, సలీర్ సల్ద్రీఅ అయినా ఇదే దారి. ఆ ద్ ఎందుకొచ్చిందో ప్రత్యయాల పట్టిక చెప్పదు.

ఇలా దారి తప్పే మూల క్రియలు అన్ని రకాలూ కలిపి డజనే, భవిష్యత్ రూపాల్లోనూ ఇవే వేషం: తెంద్రే, పొంద్రే. వాటిని సిలబుల్స్‌గా పైకి చదివి పట్టుకోండి, మిగతా వాటికి ఈఅ తగిలించుకుంటూ పోండి.