‘ఫ్లెక్సిబుల్ బడ్జెట్’ ఇంటీరియర్ వాళ్ళతో జాగ్రత్త

విజయవాడలో కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్ళ ఫోన్లకు వస్తున్న ‘ఫ్లెక్సిబుల్ బడ్జెట్’ ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఆ ప్రకటన ఇచ్చే ఇంటీరియర్ సంస్థ గురించే రాస్తున్నాను. గుణదలలో మా ఫ్లాటుకు వంటగది, వార్డ్‌రోబులు కలిపి నాలుగున్నర లక్షలకు ఒప్పుకున్నారు. కొంచెం అటూ ఇటూ అవుతుందన్నారు. నిన్న ఇచ్చిన తుది బిల్లు ఏడు లక్షల పైచిలుకు!

మేము కొత్తగా అడిగిన పని ఒక్కటీ లేదు. కొటేషన్‌లో వార్డ్‌రోబు ముందు భాగాన్నే కొలిచారు: ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు, 56 చదరపు అడుగులు. లోపలి అరలు కూడా కలిపి కట్టిన రేటు అది. బిల్లులో మాత్రం అరలు, పక్క చెక్కలు, వెనక చెక్క విడివిడిగా కొలిచి అన్నింటికీ అదే రేటు వేశారు. ఇది పట్టపగలు దోపిడీ.

సింకు కింద పైపు కోసం చెక్కకు పెట్టిన రంధ్రం అంచును గోరుతో గీశాను. పొట్టు రాలింది. ప్లైవుడ్‌కు ఉండే పొరల జాడే లేదు. ఒప్పందంలో రాసింది ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, బిగించింది చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు. నీళ్ళు తగిలితే ఉబ్బిపోయే సరుకును సింకు కిందే పెట్టారు!

సంస్థ యజమానిని పిలిచి అడిగితే ఫోను చూసుకుంటూనే జవాబిచ్చాడు. “ఫ్లెక్సిబుల్ అన్నచోట మీరే సంతకం పెట్టారు మేడం. మెటీరియల్ కూడా అందులోకే వస్తుంది.” మా అత్తగారు, “బాబూ, ఇది మా ఆయన రిటైర్మెంట్ డబ్బు” అన్నారు. “అయితే ఇనప బీరువా కొనుక్కోవలసింది పెద్దమ్మా” అన్నాడు. అంత పెద్దావిడను! ఆమె నోట మాట రాలేదు. మిగతా డబ్బు ఇప్పుడే ఇవ్వలేమనగానే పనివాళ్ళ చేత అల్మరాల తలుపులు విప్పించి బండిలో వేయించుకుని వెళ్ళాడు. ఇప్పటికే మూడు లక్షలకు పైగా తీసుకున్న మనిషి!

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తున్నాను.

మీరు అడ్వాన్సు ఇచ్చేముందు ఖర్చు ఎంత శాతం వరకు పెరగవచ్చో, కొలత ఏ పద్ధతిలో తీస్తారో ఒప్పందంలో రాయించండి. ప్లైవుడ్ షీట్లు కోయకముందే వాటి మీది ముద్రకు ఫోటో తీయండి. ఇదే సంస్థ చేతిలో నష్టపోయినవాళ్ళుంటే కొటేషన్, బిల్లు పారేయకుండా నాకు చెప్పండి. కమిషన్ అనుమతిస్తే అందరం కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వీలుంది.