లైనక్స్‌లో హై రిజల్యూషన్ స్క్రీన్: మూడేళ్లు వాడాక

14 అంగుళాల తెర, 2880×1800 రిజల్యూషన్. కొన్న రోజే లైనక్స్ వేస్తే అక్షరాలు చీమ తలకాయంత కనిపించాయి. అంగుళానికి దాదాపు 243 పిక్సెళ్లున్న తెర మీద మామూలు తెరల 96 లెక్కన గీస్తే అంతే మరి.

కొత్తలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ని 1920×1200కి తగ్గించాను. సైజు బాగానే కుదిరింది, అక్షరాల అంచులే మసకబారాయి. తెలుగు చదువుతుంటే మరీ ఇబ్బంది, కింది ఒత్తులన్నీ ముద్దగా కలిసిపోయేవి. రెండు వారాలకి సాయంత్రమయ్యేసరికి కళ్లు లాగడం మొదలైంది. కళ్లద్దాలు మార్చాలేమోనని టెన్షన్ పడ్డాను. అసలు సంగతి ఏమిటంటే, తెరలో పిక్సెళ్ల సంఖ్య తయారీలోనే ఖాయమైపోతుంది. అంతకన్నా తక్కువ రిజల్యూషన్ ఇస్తే ఒక్కో చుక్కని పక్క పిక్సెళ్లకి కూడా పంచాల్సి వస్తుంది, మసక అక్కడే పుడుతుంది. అందుకే రిజల్యూషన్ జోలికి వెళ్లకండి. అది పూర్తిగానే ఉంచి, స్కేల్ (అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా గీయాలో చెప్పే శాతం) మార్చండి.

స్కేల్ 200 శాతం పెడితే 1440×900 తెరకున్నంత చోటే మిగిలింది, రెండు విండోలు పక్కపక్కన పట్టలేదు. 150 పెడితే 1920×1200కి సరిపడా చోటు, అక్షరాలు మాత్రం నిండు రిజల్యూషన్‌లో. నాకు కావలసింది అదే.

కానీ అప్పుడు నేను వాడుతున్నది ఎక్స్11 సెషన్, అంటే లైనక్స్‌లో విండోల్ని తెర మీద చూపించే పాత పద్ధతి. ఫాంట్ డీపీఐని (అంగుళానికి చుక్కల లెక్క) 96 నుంచి 144 చేస్తే అక్షరాలు పెరిగాయి, కొన్ని అప్లికేషన్లలో బటన్లు, ఐకాన్లు చిన్నగానే ఉండిపోయాయి. పైగా బయట 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ తగిలిస్తే అందులో అన్నీ భూతద్దంలో చూసినట్టే! ఎక్స్11 బదులు వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్‌కి మారాక ఆ గొడవ పోయింది. ల్యాప్‌టాప్‌కి 150, మానిటర్‌కి 100 విడివిడిగా పెట్టాను. విండోని అటు లాగితే దానికదే సర్దుకుంటుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా మారడం మంచిదే.

వేలాండ్‌లోనూ మొదటి ఏడాది ఓపిక పట్టాల్సి వచ్చింది. ఎక్స్11 కోసం రాసిన ప్రోగ్రాములు చిన్నగా గీసుకున్నాక వాటిని వేలాండ్ సాగదీసి చూపిస్తుంది కాబట్టి మసకగా ఉండేవి. ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబర్‌లో వచ్చిన 121 వెర్షన్ నుంచి నేరుగా వేలాండ్‌లోనే నడుస్తోంది. అంతకుముందు ఒక వేరియబుల్ (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగ్) పెట్టుకోవాల్సి వచ్చేది. లైనక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన కేడీఈ ప్లాస్మాలో 5.26 వెర్షన్ నుంచి, ఎక్స్11 ప్రోగ్రాముల స్కేలింగ్‌ని వాటికే వదిలేసే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేసిన రోజు నా పాత డ్రాయింగ్ ప్రోగ్రాంలో గీతలు తేటగా కనిపించాయి. నేను ప్లాస్మాలో స్థిరపడింది అందుకే.

ఒకసారి కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయలాంటి భాగం) అప్‌డేట్ అయ్యాక రిజల్యూషన్ జాబితాలో 1024×768 ఒక్కటే మిగిలింది. అది స్కేలింగ్ సమస్య కాదు, గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ కాలేదు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే తెర మామూలుగా వచ్చింది. మీకూ ఇలా జరిగితే బూట్ లైన్‌లో నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ డ్రైవర్ తెరని సర్దకుండా ఆపే మాట) మిగిలిపోయిందేమో కూడా చూడండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టి తీయడం మర్చిపోతుంటారు. విండోలు లేని, అక్షరాలు మాత్రమే ఉండే టెక్స్ట్ కన్సోల్‌కి డెస్క్‌టాప్ స్కేల్ వర్తించదు కాబట్టి విడిగా టెర్మినస్ 32 ఫాంట్ పెట్టుకున్నాను.

ఇప్పటికీ 150 దగ్గర స్ప్రెడ్‌షీట్ గడుల గీతలు అక్కడక్కడా ఒకటి సన్నగా, ఒకటి లావుగా పడుతుంటాయి. రోజంతా లెక్కల్లో ఉండాల్సి వస్తే ల్యాప్‌టాప్ మూసేసి, 100లో ఉన్న మానిటర్ మీదే పని చేసుకుంటాను.