యుద్ధం ఫిల్ములు: నలుపు తెలుపా, రంగులదా, న్యూస్ రీలా? క్లాసులో వేయడానికి ఏది మేలు?

పదో తరగతికి ప్రపంచ యుద్ధాల పాఠం వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఇదే తగువు. మా తోడికోడలు ఒంగోలులో సోషల్ టీచరు, నేను కావలిలో. క్లాసు గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్ (ఐఎఫ్‌పీ ప్యానెల్) మీద ఆవిడ కంప్యూటర్‌తో రంగులద్దిన "ఫోర్‌ కే" వీడియోలే వేస్తుంది. నేను గీతలు పడిన నలుపు తెలుపు ఫిల్మే వేస్తాను. నాది చాదస్తం అని ఆవిడ అభిప్రాయం.

ఆవిడ మాటలో బలం లేకపోలేదు. నలుపు తెలుపు వేస్తే మూడో నిమిషానికి వెనక బెంచీలో గుసగుసలు మొదలవుతాయి. రంగులది వేస్తే పిల్లలు కళ్లార్పరు. పైగా రంగులద్దడమంతా అబద్ధమనీ అనలేం. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం దగ్గరున్న మొదటి ప్రపంచ యుద్ధం రీళ్లకు సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ 2018లో రంగులద్దాడు. సైనికుల పెదవుల కదలిక చదివి ఏం మాట్లాడుతున్నారో చెప్పగలిగేవాళ్లను కూడా కూర్చోబెట్టి చేసిన పని అది. యూట్యూబ్‌లో మన ముందుకొచ్చేవి అట్లాంటివి కావు. అక్కడ చొక్కా రంగు, మట్టి రంగు సాఫ్ట్‌వేర్ ఊహించుకున్నవే. సెకనుకు అరవై ఫ్రేములు (బొమ్మలు) అంటే మరీ ఘోరం. కెమెరా తీసిన రెండు బొమ్మల మధ్య లేని బొమ్మల్ని మిషనే పుట్టించి ఇరికిస్తుంది.

అయితే నా పాత ఫిల్ము ఓడిపోయే చోటూ ఒకటుంది. వేగం. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవాళ్లు. సెకనుకు పదహారో, అటూఇటుగానో ఫ్రేములు పడేవి. దాన్ని ఇరవై నాలుగు ఫ్రేముల లెక్కన వేస్తే సైనికులు కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడుస్తారు. మొదటిసారి వేసినప్పుడు క్లాసంతా పగలబడి నవ్వింది. చావుకు నడిచిపోతున్న మనుషుల్ని చూసి నవ్వు! తప్పు పిల్లలది కాదు. అప్పట్నుంచీ వేగం సరిచేసిన ప్రింటు దొరికితేనే వేస్తున్నా. రంగు వద్దు గానీ, ఈ ఒక్క మరమ్మతు మాత్రం కావాల్సిందే.

పాతదైనంత మాత్రాన నిజమనీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం 1916 జులై 1న మొదలైంది. మాలిన్స్, మెక్‌డోవెల్ అనే ఇద్దరు కెమెరామెన్ తీసిన ఫిల్ము ఆగస్టుకల్లా బ్రిటన్ హాళ్లలో ఆడింది. ఆరు వారాల్లో దాదాపు 2 కోట్ల టికెట్లు తెగాయంటారు. అందులో సైనికులు కందకంలోంచి పైకెక్కుతుంటే ఒకడు వెనక్కి జారి పడిపోయే దృశ్యం ఉంది. జనం కన్నీళ్లు పెట్టుకున్న ఆ ముక్క యుద్ధంలో తీసింది కాదు, యుద్ధరంగానికి వెనకాల నటింపజేసి తీసింది. దాడికి పోయేవాళ్ల వీపున ఉండాల్సిన మూటలు అక్కడ కనపడవు. ఈ మాట చెప్పి "ఇందులో ఏం తక్కువైందో పట్టుకోండి" అంటే వెనక బెంచీ కూడా ముందుకొచ్చి కూర్చుంటుంది. రంగుల తళుకు మీద పడ్డాక ఆ చూపు రాదు, చూసి అబ్బో అనుకోవడంతో సరి.

న్యూస్ రీళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వాళ్లు తీసిన వార్తల ఫిల్ములు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవాళ్లు. టూరింగ్ టాకీస్‌లో అవి పడగానే సగం మంది సోడాకు లేచిపోయేవాళ్లని మా మామయ్య చెబుతాడు. బొమ్మ బాగానే ఉంటుంది, గొంతే సర్కారుది. గొంతుతో వచ్చే తంటాకు అసలైన ఉదాహరణ హిండెన్‌బర్గ్. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో వాయువు నింపిన పెద్ద బెలూన్ లాంటి ఆ గాలి ఓడ తగలబడి 36 మంది పోయారు. ఏడుపు గొంతుతో వినపడే ఆ వ్యాఖ్యానం హెర్బర్ట్ మారిసన్ అనే రేడియో మనిషిది. విడిగా రికార్డయిన దాన్ని తర్వాత బొమ్మకు అతికించారు. మనమేమో రెండూ ఒకేసారి పుట్టాయనుకుంటాం. అందుకే నేను సౌండ్ ఆపేసి వేస్తా.

ఏది నమ్మదగింది అని తూచడానికి నా దగ్గరున్న తూనిక రాయి బెర్గెన్-బెల్సెన్ ఫిల్ము. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం ఆ నాజీ శిబిరంలో అడుగుపెట్టాక వాళ్ల కెమెరామెన్ తీశారు. ఇదంతా కట్టుకథ అని రేపెవరూ అనకుండా కత్తిరింపులు తగ్గించి పొడుగాటి షాట్లు వాడమని సినిమా దర్శకుడు హిచ్‌కాక్ సలహా ఇచ్చాడు. పదో తరగతికి దాన్ని చూపించను, అది ఆ వయసు వాళ్లు చూసేది కాదు. కానీ ఏ క్లిప్పు చేతికొచ్చినా కత్తెర ఎన్నిచోట్ల పడిందో ముందు చూసుకుంటా.

పోయినేడు "89 కావలి తుఫాను, అరుదైన వీడియో" అని మా ఫ్యామిలీ గ్రూపులోకి ఒకటొచ్చింది. రంగులు నిగనిగలాడుతున్నాయి. మామయ్యది కావలి దగ్గర సముద్రం ఒడ్డునున్న తుమ్మలపెంట. 1989 నవంబరు 8 రాత్రి ఆ గాలిని ఇంట్లో తలుపుకు భుజం ఆనించి కాసినవాడు. ఫోన్ దూరంగా పట్టుకుని రెండుసార్లు చూశాడు.

"ఏందమ్మాయా, ఆ చెట్ల వెనకాల నిలబడుండేది సెల్ టవరు గదా? అప్పుడు మనకు యాడుండాయి టవర్లు?"

నిజమే. మన దేశంలో సెల్ ఫోను మోగిందే 1995లో. ఆ వీడియో దాచిపెట్టా. ఇప్పుడు యుద్ధాల పాఠానికి ముందు అదే వేసి, తప్పెక్కడుందో చెప్పమంటా. మొదటి సెక్షన్‌లో ఇద్దరే పట్టారు. మా తోడికోడలు కూడా అడిగి తీసుకుంది.