ఎక్స్‌క్లూజివ్‌గా ఇవ్వాలా, వద్దా?

గేము హక్కును ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే ఒక్కరికే ఇవ్వాలా అని సొంతంగా బోర్డు గేములు, రోల్‌ప్లేయింగ్ గేములు (ఆటగాళ్లు పాత్రలై కథ నడిపే ఆటలు) తయారుచేసే మిత్రులు నన్ను పదేపదే అడుగుతుంటారు. ఈమధ్య నా రెండో గేముకి నేనే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

అందరూ ముందు చూసేది శాతమే. పీడీఎఫ్ గేములు అమ్మే డ్రైవ్‌త్రూఆర్‌పీజీలో చాలా ఏళ్లుగా ఉన్న లెక్క ప్రకారం, వాళ్లకే ఇస్తే 70 శాతం మనది, మిగతా చోట్ల కూడా అమ్ముకుంటే 65. ఇలాంటివే అమ్మే ఇంకో సైటు ఇచ్.ఐఓలో సైటు వాటా ఎంతో మన ఇష్టం, మార్చకపోతే 10 శాతం. పది డాలర్ల గేము వంద కాపీలు అమ్ముడైతే మొదటి దారిలో 700 డాలర్లు. రెండో దారిలో ఆ వందలో ఇరవై కాపీలు ఇచ్‌లో పోయినా 520, 180 కలిపి అదే 700. పేమెంట్ చార్జీలు పక్కన పెట్టాననుకోండి. ఆ ఐదు శాతం కోసం ఒక్కరికే కట్టుబడటం నాకు దండగ అనిపిస్తుంది.

డీఎంస్ గిల్డ్ సంగతి వేరు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరున్న రోల్‌ప్లేయింగ్ గేము కోసం మనం రాసినవి అమ్మే సైటు అది. ఆ గేములోని కల్పిత లోకాలు వాడుకోనిస్తారు, సగం డబ్బు ఇస్తారు, రాసింది ఇంకెక్కడా అమ్మనివ్వరు. ఆ లోకాలే కావాలంటే వెళ్లండి. ఇక హక్కులన్నీ ఒకేసారి అమ్మేయడమంటారా, డబ్బు మరీ అత్యవసరమైతే తప్ప వద్దు.

అసలు చిక్కు గేమును యాప్‌గా మార్చే కంపెనీలతో. కోడింగ్, బొమ్మలు, సర్వర్ల ఖర్చు వాళ్లది. రేపు అదే గేముతో ఇంకొకరు యాప్ తెస్తే పెట్టిన డబ్బంతా నీళ్లపాలు. వాళ్లు ఎక్స్‌క్లూజివ్ అడగడం న్యాయమే. అక్కడ నేను శాతం దగ్గర పెద్దగా బేరమాడను. హక్కులు తిరిగి నా చేతికి ఎప్పుడొస్తాయన్నదే చూస్తాను.

నా మొదటి కార్డు గేముకి ఒక కంపెనీ మంచి రాయల్టీ రాసిచ్చింది. యాప్ మాత్రం రాలేదు. రాని యాప్‌కి 40 శాతమైతేనేం, 4 శాతమైతేనేం! మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది రద్దయినట్టే. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 30ఏ సెక్షన్ వల్ల లైసెన్సులకూ ఇదే వర్తిస్తుంది. కానీ ఏడాది నియమానికి ఒక మెలిక ఉంది: ఒప్పందంలో వేరేలా రాసుకుంటే అదే చెల్లుతుంది. నా ఒప్పందం ఐదో పేజీలో సరిగ్గా అలాంటి వాక్యమే ఉంది. సంతకం హడావిడిలో చూసుకోలేదు. మూడేళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నాను. విదేశీ కంపెనీలైతే సాధారణంగా వాళ్ల చట్టమే వర్తిస్తుందని రాసుకుంటాయి, అప్పుడు ఈ సెక్షన్ల మీద ఆశ పెట్టుకోలేం.

అందుకే ఈసారి అంతా కాగితం మీదే పెట్టించాను. పద్దెనిమిది నెలల్లో యాప్ విడుదల కాకపోతే హక్కులు వాటంతటవే వెనక్కి రావాలి. విడుదలైతే మూడేళ్లు వాళ్లవి. ‘డిజిటల్ హక్కులు’ అన్న మాట కొట్టేయించి ‘ఫోన్, ట్యాబ్లెట్ యాప్’ అని రాయించాను. రూల్‌బుక్ పీడీఎఫ్ కూడా డిజిటలే కదా, లేకపోతే అదీ వాళ్ల ఖాతాలోకే పోయేది.

కంపెనీవాళ్లు మూతి ముడిచారు. రాయల్టీలో రెండు శాతం తగ్గిస్తామన్నారు. సరేనన్నాను.